కొత్త గేమింగ్ కంప్యూటర్‌కు బీ650 బోర్డు సరిపోతుందా, ఎక్స్870ఈ వరకు వెళ్లాలా?

వెన్నెల_దారి
అందరికీ నమస్కారం. మొదటిసారి సొంతంగా కంప్యూటర్ కూర్చుకుంటున్నాను. ప్రాసెసర్ రైజెన్ 7 7800ఎక్స్3డీ అని తేల్చుకున్నాను, మదర్‌బోర్డు దగ్గరే ఆగిపోయాను. ఒక బీ650 బోర్డు, ఒక ఎక్స్870ఈ బోర్డు చూసి పెట్టుకున్నాను. ఆ రెండింటి ధరల తేడాతో గ్రాఫిక్స్ కార్డును ఒక మెట్టు పైకి తీసుకోవచ్చు. కానీ బోర్డు విషయంలో పిసినారితనం పనికిరాదని స్నేహితులు గట్టిగా చెబుతున్నారు. ఏం చేయమంటారు?

పాతసాకెట్
బీ650 తీసుకోండి, మిగిలింది గ్రాఫిక్స్ కార్డులో పెట్టండి. ప్రాసెసర్, కార్డు, ర్యామ్ అవే ఉంచి బోర్డు ఒక్కటి మారిస్తే ఆటలో కంటికి ఆనే తేడా రాదు. ఎక్స్870ఈలో ఉన్నది బీ650లో ఉన్న చిప్‌సెట్ చిప్పే (పోర్టులను, స్లాట్లను ప్రాసెసర్‌తో కలిపేది), కాకపోతే ఒకటికి బదులు రెండు ఉంటాయి. దానివల్ల యూఎస్‌బీ పోర్టులు, ఎస్‌ఎస్‌డీ స్లాట్లు పెరుగుతాయి. యూఎస్‌బీ4 తప్పనిసరిగా వస్తుంది. అవి మీకు అవసరమా అన్నది చూసుకోండి. ఫ్రేములు (సెకనుకు తెర మీద పడే బొమ్మలు) మాత్రం పెరగవు.

తీగెలమూట
చిప్‌సెట్ సంగతి సరే, వీఆర్‌ఎం మాటేమిటి? పవర్ సప్లై ఇచ్చే 12 వోల్టులను ప్రాసెసర్‌కు కావలసిన ఒక వోల్టు దరిదాపులకు దించేది అదే. చవక బోర్డుల్లో ఆ పనిని పంచుకునే ఫేజులు తక్కువ, కరెంటును నడిపే స్విచ్చులైన మాస్‌ఫెట్లు నాసిరకం, వాటిమీద హీట్‌సింక్ ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు. నా పాత బోర్డులో సరిగ్గా ఇదే జరిగింది. ఎండాకాలంలో వీఆర్‌ఎం వేడెక్కి ప్రాసెసర్ వేగం సగానికి పడిపోయేది. చివరికి ఒక మాస్‌ఫెట్ కాలి బోర్డు పోయింది. వారంటీకి పంపితే వాడకంలో లోపమని తిప్పి పంపారు. ఒక్క రూపాయి రాలేదు. అందుకే చెబుతున్నాను, మొదట వీఆర్‌ఎం చూడండి, ఆ తర్వాతే ఏదైనా.

మధ్యమావతి
ర్యామ్ రెండు స్టిక్కులే కొనండి. డీడీఆర్5లో నాలుగు పెడితే వేగం బాగా పడిపోతుంది. 6000 వేగం ఉన్న కిట్ సరిపోతుంది. మీ ప్రాసెసర్ కూర్చునే ఏఎం5 సాకెట్‌లో పాత తరం డీడీఆర్4 ర్యామ్ పనిచేయదని మీకు తెలిసే ఉంటుంది.

పాతసాకెట్
తీగెలమూట గారూ, మీ బోర్డు కాలిపోవడం బాధాకరమే. కానీ వారు అడిగిన ప్రాసెసర్ ఏది? 7800ఎక్స్3డీ. దాని టీడీపీ (కూలర్ తీసేయాల్సిన వేడి లెక్క) 120 వాట్లు, సాకెట్ నుంచి తీసుకోగల గరిష్ఠ పరిమితి 162 వాట్లు. ఆటల్లో అయితే 100 వాట్లకు బాగా లోపలే ఉంటుంది. ఏఎం5లో ఇంత తక్కువ కరెంటుతో ఇంత బాగా ఆటలు నడిపే ప్రాసెసర్లు అరుదు. దానికోసం కొండంత వీఆర్‌ఎం ఎందుకు?

ఫేజుల లెక్కను కూడా నమ్మకండి. ఒకే నియంత్రణ సంకేతంతో రెండు పవర్ స్టేజీలను (మాస్‌ఫెట్ల జట్లను) కలిపి నడిపి, పెట్టె మీద మాత్రం రెండు ఫేజులని రాసుకునే బోర్డులు ఉన్నాయి. 14+2+1 అన్న అంకె చూసి బోర్డు కొనడం తప్పు.

తీగెలమూట
ఫేజుల అంకె చూసి కొనమని నేనెక్కడ అన్నాను? మాస్‌ఫెట్ల నాణ్యత, హీట్‌సింక్ కూడా చూడమన్నాను. నా మాటలో మూడో వంతు పట్టుకుని జవాబిస్తున్నారు.

రేపు వారు అదే సాకెట్‌లో 9950ఎక్స్ పెట్టుకుంటే? దాని టీడీపీ 170 వాట్లు, సాకెట్ పరిమితి 230. అప్పుడు మీ బీ650 ఏమవుతుంది?

కృష్ణపక్షం
ఏ బోర్డు కొన్నా ప్రాసెసర్ లేకుండానే బయోస్ (బోర్డును మొదలుపెట్టే లోపలి సాఫ్ట్‌వేర్) ఎక్కించుకునే ఫ్లాష్‌బ్యాక్ బటన్ ఉందో లేదో చూసుకోండి.

పాతసాకెట్
ఆటలు ఆడుకునే మనిషికి 16 కోర్లు ఎందుకండీ? 7800ఎక్స్3డీ నుంచి 9950ఎక్స్‌కు మారడం ఆటల కోసమైతే వెనకడుగు. ఎక్స్3డీలో ఉండే అదనపు క్యాష్ (ప్రాసెసర్ లోపలి వేగవంతమైన మెమరీ) దానికి లేదు. మీ బోర్డు కాలింది కాబట్టి లోకంలో ప్రతి బోర్డూ కాలుతుందని కొత్తవాళ్లను భయపెడుతున్నారు. ప్రతి చర్చలో ఇదే వరస.

తీగెలమూట
ప్రతి చర్చలో మీ వరస ఏమిటో కూడా చెప్పమంటారా? ఎవరు ఏ బోర్డు అడిగినా తక్కువది కొనమని ఒకటే జవాబు. అది పోతే మీరు కొనిపెట్టరు కదా! నెలల తరబడి కూడబెట్టి ఒక్కసారి కొనుక్కునేవాళ్లకు రెండో బోర్డు ఎక్కడినుంచి వస్తుంది?

నిర్వాహకులు
విషయం మీద మాట్లాడండి, మనుషుల మీద వద్దు.

పాతసాకెట్
సరే, విషయమే మాట్లాడతాను. 2020లో ఇంటెల్ ఎల్‌జీఏ1200 సాకెట్ వచ్చినప్పుడు నాకు అందరూ ఇచ్చిన సలహా కూడా ఇదే: మంచి జెడ్490 బోర్డు కొను, రేపు పై ప్రాసెసర్ వేసుకోవచ్చు. కొన్నాను. ఆ "రేపు" ఎలా వచ్చిందో చూడండి. 10వ తరంలో పెద్దదైన 10900కేకి 10 కోర్లు. తర్వాతి తరంలో పెద్దదైన 11900కేకి 8. ఆ వెంటనే 2021 నవంబరులో 12వ తరం ఎల్‌జీఏ1700 అనే కొత్త సాకెట్ మీద దిగింది. నా బోర్డుకు పై మెట్టే లేకుండా పోయింది. అంత బలమైన వీఆర్‌ఎం ఏనాడూ చెమట పట్టలేదు. ఆ సొమ్ము గ్రాఫిక్స్ కార్డులో ఉండి ఉంటే ప్రతి రోజూ కళ్లముందు కనిపించేది. రేపటి పేరు చెప్పి ఈవేళ డబ్బు కట్టించే సలహా నాకు మంట పుట్టిస్తుంది. బీ650, ఎక్స్870ఈ గొడవ అసలు దీని గురించే.

తీగెలమూట
ఇది మొదటే చెప్పి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదు. అది ఇంటెల్ కథ. ఏఎం5కు ముందరి ఏఎం4 సాకెట్ సంగతి చూడండి. 2017లో కొన్న బోర్డులో కొత్త బయోస్ వేసి 2022లో వచ్చిన 5800ఎక్స్3డీ పెట్టుకుని ఆడుతున్నవాళ్లున్నారు. ఏఎం5కు కూడా 2027 వరకు, ఆ తర్వాత కూడా మద్దతు ఉంటుందని ఏఎండీ ప్రకటించింది.

పాతసాకెట్
2020లో అదే ఏఎండీ బీ450, ఎక్స్470 బోర్డులకు అప్పటి కొత్త తరమైన జెన్ 3 ప్రాసెసర్ల మద్దతు ఇవ్వబోమని ముందు చెప్పింది. జనం గొడవ చేస్తేనే మనసు మార్చుకుంది. వాళ్ల మాట నిలబడితే సంతోషమే, కానీ దానికి ముందే డబ్బు కట్టను.

మధ్యమావతి
మీరిద్దరూ ఒకటి వదిలేస్తున్నారు. ఏఎం4లో 5800ఎక్స్3డీ ఖరీదైన ఎక్స్370 బోర్డులకే కాదు, చవకైన బీ350కీ వచ్చింది. అంటే భవిష్యత్తు అన్నది సాకెట్‌తో వస్తుంది, బోర్డు ధరతో కాదు. తీగెలమూట గారు చెప్పిన ఏఎం4 ఉదాహరణ పాతసాకెట్ గారి పక్షానే నిలుస్తుంది.

తీగెలమూట
పూర్తిగా కాదు. 16 మెగాబైట్ల బయోస్ చిప్ ఉన్న పాత బోర్డుల్లో కొత్త ప్రాసెసర్లకు చోటు చాలక పాతవాటి మద్దతు తీసేసిన సందర్భాలున్నాయి. తయారీదారు ఎన్నాళ్లు బయోస్ ఇస్తాడన్నది కూడా బోర్డును బట్టే ఉంటుంది. అయినా నాకు ప్రాసెసర్ మార్చడం ముఖ్యం కాదు. నేను అడిగేది, అదే ప్రాసెసర్‌తో ఏడెనిమిదేళ్లు నడిచినా బోర్డు నిలబడాలని. తక్కువ వేడిలో పనిచేసే భాగాలు ఎక్కువకాలం ఉంటాయి. నేను అదనంగా కట్టేది ఆ ఊరట కోసం.

పాతసాకెట్
ఆ ఊరట ఎక్స్870ఈలోనే దొరుకుతుందా? పవర్ స్టేజీల మీద గట్టి హీట్‌సింక్ ఉన్న బీ650 బోర్డులు ఎన్నో ఉన్నాయి. 162 వాట్లకు అవి ధారాళంగా సరిపోతాయి. అసలు హీట్‌సింక్ లేని బోర్డు కొనమని నేనూ చెప్పను.

వెన్నెల_దారి
చాలా విషయాలు తెలిశాయి, ఇద్దరికీ ధన్యవాదాలు. నా అవసరాలు ముందే రాయాల్సింది. ప్రాసెసర్ మళ్లీ మార్చే ఆలోచన లేదు. ఎస్‌ఎస్‌డీలు రెండు. వైఫై కావాలి. యూఎస్‌బీ4తో పనిలేదు. నేను చూసిన బీ650కి వీఆర్‌ఎం రెండు వైపులా హీట్‌సింక్‌లు, ఫ్లాష్‌బ్యాక్ బటన్ ఉన్నాయి. ఎక్స్870ఈలో రెండో ఎస్‌ఎస్‌డీ పెడితే గ్రాఫిక్స్ స్లాట్ 16 లేన్ల (డేటా దారుల) నుంచి 8కి తగ్గుతుందని దాని మాన్యువల్‌లో రాసి ఉంది. అది నిజమేనా?

కృష్ణపక్షం
నిజమే, కొన్ని బోర్డుల్లో అలా పంచుకుంటాయి. ఆటల్లో నష్టం కొద్దిగానే ఉంటుంది. కానీ అంత డబ్బు కట్టి అది భరించడం దేనికి?

తీగెలమూట
రెండు వైపులా హీట్‌సింక్‌లు ఉంటే ఆ బీ650కి నా అభ్యంతరం లేదు. ప్రాసెసర్ పెట్టకముందే కొత్త బయోస్ వేయండి. 2023లో 7000 ఎక్స్3డీ ప్రాసెసర్లు కొన్ని కాలిపోయాక ఎస్‌ఓసీ వోల్టేజీని (ప్రాసెసర్‌లో కోర్లు కాని భాగాలకు అందేది) 1.3 వోల్టులకు పరిమితం చేశారు. పాత బయోస్‌తో వచ్చిన బోర్డులో ఆ రక్షణ ఉండకపోవచ్చు.

మధ్యమావతి
మొదటిసారి ఆన్ చేసినప్పుడు ర్యామ్ శిక్షణ (బోర్డు ర్యామ్‌కు తగిన సెట్టింగులు వెతుక్కోవడం) కోసం కొన్ని నిమిషాలు తెర మీద ఏమీ రాదు. చెడిపోయిందనుకుని మధ్యలో ఆపేయకండి.

తీగెలమూట
ఒక గంట ఆడాక వీఆర్‌ఎం ఉష్ణోగ్రత ఎంత ఉందో ఇక్కడ రాయండి.

పాతసాకెట్
రాయండి. మిగిలిన సొమ్ముతో ఏ కార్డు తీసుకున్నారో, ఫ్రేములు ఎన్ని వచ్చాయో కూడా.