వాసెన కట్టడం, సీలు చేయడం: రెండూ ఒకటేనా?

ప్రశ్న (డాలస్ నుంచి):
ఇక్కడి తెలుగువాళ్ల కోసం ఒక కరపత్రం రాస్తున్నాం. ఎండల్లో వంటిల్లు ఉడికిపోకుండా టమాటాలను గాజు సీసాల్లో నిలవ చేసుకోవడం ఎలా అన్నది విషయం. కానింగ్‌ను (సీసాల్లో నింపి ఉడికించి, గాలి చొరబడకుండా మూత పడేలా చేయడాన్ని) తెలుగులో ఏమనాలో తేలక ఆగాం. ‘వాసెన కట్టడం’ అందామని ఒకరి సూచన. అదీ మూతి కట్టడమే కదా, పనికొస్తుందా?

అమలాపురం నుంచి:
పనికిరాదండీ. వాసెన అంటే పాత్ర మూతికి బిగించి కట్టే గుడ్డ. గిన్నెలో నీళ్లు మరిగిస్తూ మూతికి వాసెన కట్టి, దానిమీద పిండి పోసి ఆవిరికి ఉడికించేదే వాసెన పోలి. ఆవిరి గుడ్డలోంచి పైకి రావాలి, లేకపోతే పోలి ఉడకదు. ఆవకాయ జాడీకి కట్టిన వాసెనా అంతే: దుమ్మూ చీమా లోపలికి పోవు, తేమ మాత్రం బయటికి పోతుంది. కానింగ్ మూత పని దీనికి పూర్తిగా ఎదురు. గాలి కూడా చొరబడకూడదు.

అన్నట్టు దీన్ని ‘వాసన’ అని రాస్తున్నవాళ్లున్నారు. వాసన సంస్కృతం నుంచి వచ్చింది, వాసెన అచ్చ తెలుగు. రెంటికీ చుట్టరికం లేదు.

గుంటూరు నుంచి:
ఆవకాయకు గుడ్డ ఎందుకు చాలుతుందో కూడా రాయండి, లేకపోతే టమాటా గుజ్జుకూ గుడ్డ కట్టి కూర్చుంటారు. సుమారు అయిదు గ్లాసుల ముక్కలకు కారం ఒకటి, ఆవపిండి ఒకటి, ఉప్పు ముప్పావు, పప్పునూనె రెండు. కాయ పులుపు, ఉప్పు, ఆవ, పైన తేలే నూనె కలిసి కాపు కాస్తాయి. పొయ్యితో పనే లేదు, వంటిల్లు వేడెక్కే మాటే రాదు. ముక్క తడి లేకుండా తుడవాలి. మూడోనాడు తిరగకలిపి ఉప్పు చూడాలి. ముక్క నూనెలో మునగకపోతే బూజు పైనుంచే మొదలవుతుంది.

ఆవకాయను మరిగే నీళ్లలో పెట్టి సీలు చేద్దామా అని అడిగేవాళ్లున్నారు. వద్దు. ముక్క మెత్తబడుతుంది, ఆవ ఘాటూ తగ్గుతుంది. పచ్చడి ఊరాలిగానీ ఉడకకూడదు.

వరంగల్ నుంచి:
మా దిక్కు వాసెన అనేటోళ్లు తక్కువ, ‘మూతికి బట్ట కట్టు’ అంటరు. టమాటకు కూడ పొయ్యి లేని దారి ఉన్నది. కిలో టమాటలు కడిగి, తడి ఆరినంక ముక్కలు కోసి, వంద గ్రాముల ఉప్పు, జరంత పసుపు వేసి మూడు దినాలు ఊరబెట్టాలె. ముక్కలు పిండి ఎండల ఆరబెట్టాలె. ఆ రసంల వంద గ్రాముల చింతపండు నానేసి, దాన్ని సుత ఎండకు పెట్టాలె. ముక్కలు బాగ ఎండినంక అన్ని కలిపి నూరుడే. మబ్బు పట్టిందంటే మాత్రం ముక్కలు బంక సాగుతయి. వాన సూచన ఉన్నప్పుడు మొదలు పెట్టొద్దు.

హైదరాబాద్ నుంచి:
పచ్చడి వేరు, చారుకూ కూరకూ వాడుకునే ఉత్త టమాటా వేరు. దానికి కానింగే కావాలి, వేడి తప్పదు. టమాటా పులుపు సరిహద్దు మీద ఉంటుంది. అది చాలకపోతే గాలి ఆడని సీసాలో బొటులిజం తెచ్చే ప్రాణాంతక విషం పుట్టవచ్చు. అందుకే పైంటు (సుమారు 470 మి.లీ.) సీసాకు 1 టేబుల్ స్పూను, క్వార్టు (సుమారు 950 మి.లీ.) సీసాకు 2 టేబుల్ స్పూన్లు బజారులో దొరికే సీసా నిమ్మరసం పోయాలి. చెట్టు నిమ్మకాయ పులుపు కాయకాయకూ మారుతుంది, దాన్ని నమ్మొద్దు.

పచ్చి కాయలు తొక్క తీసి, నీళ్లు పోయకుండా నింపితే మరిగే నీళ్లలో 85 నిమిషాలు ఉంచాలి. అదే చిదిమి, మరిగించి నింపితే పైంటుకు 35, క్వార్టుకు 45. పైన అర అంగుళం ఖాళీ వదలాలి. ఇవన్నీ వెయ్యి అడుగుల లోపు ఎత్తుకు, అంటే డాలస్‌కు సరిపోతాయి. హైదరాబాద్ ఎత్తులో ఒక్కోదానికి 5 నిమిషాలు కలపాలి.

వంటిల్లు చల్లగా ఉండాలంటే చిదిమిన పద్ధతే మేలు. మంట సేపు సగానికి తగ్గుతుంది, పైగా ఆవిరి కానర్ (సీసాలను నీళ్లలో ముంచకుండా ఆవిరితోనే వేడిచేసే పాత్ర) వాడుకోవచ్చు. అందులో రెండు లీటర్ల నీళ్లు చాలు. పెద్ద గిన్నెడు నీళ్లు కాగేదాకా ఇల్లంతా ఉక్కపోత భరించే పని లేదు. అయితే 45 నిమిషాలు దాటే సరుకు అందులో పెట్టకూడదు, నీరు ఇగిరిపోతుంది. పెరట్లో గ్యాసు పొయ్యి పెడితే గాలికి అడ్డు చూసుకోండి. మధ్యలో మరుగు ఆగిందా, మళ్లీ మరిగించి లెక్క మొదటినుంచి పెట్టాల్సిందే.

నన్నడిగితే ఎండల్లో అసలు కానింగే వద్దు. టమాటాలు కడిగి ఫ్రీజరులో వేసి, అక్టోబరులో తీయండి. కరిగేటప్పుడు తొక్క దానంతటదే ఊడొస్తుంది.

డాలస్ నుంచి:
చాలా మేలు చేశారండీ. సీసా నింపేముందు వెల్లుల్లి తాలింపు వేయొచ్చా?

హైదరాబాద్ నుంచి:
వద్దండీ. వెల్లుల్లి పులుపును తగ్గిస్తుంది, నూనె వేడిని లోపలిదాకా సాగనివ్వదు. తాలింపు సీసా తెరిచాకే. పొయ్యి ఆర్పాక 5 నిమిషాలాగి సీసాలు తీయండి, 12 నుంచి 24 గంటలు కదపొద్దు. తర్వాత మూత నడుమ వేలితో నొక్కండి. టక్కుమని లోపలికి పోయి పైకొస్తే సీలు పడలేదన్నమాట, దాన్ని ఫ్రిజ్‌లో పెట్టి ముందు వాడేయాలి.

అమలాపురం నుంచి:
కరపత్రంలో ‘సీసాల్లో ఉడికించి సీలు చేయడం’ అని రాయండి. పొడుగైనా చేయాల్సిన పనులు రెండూ అందులో ఉన్నాయి. ‘బిరడా బిగించడం’ అంటే చాలదా అనొచ్చుగానీ, బిరడా చేత్తో బిగించేది. ఈ మూతను బిగించేది చల్లారుతున్న సీసా. నింపేటప్పుడు మూతను పట్టి ఉంచే మర చుట్టును వేళ్ల కొసలతో తిప్పి వదిలేయాలి. బలంగా తిప్పితే లోపలి గాలి బయటికి పోలేక మూత వంగిపోతుంది.