మిలిటరీ ఏటీసీకి ఏ డిగ్రీ అయినా చాలా?

తార్నాక_నాన్న: ఎయిర్‌పోర్ట్స్ అథారిటీలో ఏటీసీకి, అంటే టవర్‌లోంచి విమానాలకు దారి చెప్పే ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్‌కి, బీఎస్సీ మ్యాథ్స్, ఫిజిక్సో ఇంజనీరింగో ఉండాలి. వాయుసేనలో అది అడ్మినిస్ట్రేషన్ బ్రాంచి పని. 60 శాతం వస్తే ఏ డిగ్రీ అయినా సరే. హిస్టరీ చదివినవాళ్లు యుద్ధ విమానాలు దింపుతారా?

మాజీ_బ్లూ: దింపేది పైలట్ సార్. టవర్‌లో ఎవరూ ఇంటిగ్రేషన్ లెక్కలు చెయ్యరు. రన్‌వే పక్కగా డౌన్‌విండ్‌లో ఇద్దరు, దిగడానికి రన్‌వేకి ఎదురుగా ఫైనల్స్‌లో ఒకడు, వాడు ఒంటరిగా ఎగురుతున్న సోలో క్యాడెట్. మన మాట పైలట్ తిరిగి చెప్పడమే రీడ్‌బ్యాక్, అది తప్పు చెప్తే అక్కడికక్కడే పట్టుకోవాలి, చక్రాలు దిగాయా అని అడగాలి, గొంతు మాత్రం పెరగకూడదు. దుండిగల్ ఎయిర్‌ఫోర్స్ అకాడమీలో నేర్పేది అదే.

తార్నాక_నాన్న: నేనడిగింది డిగ్రీ గురించి.

బోయిన్‌పల్లి_పోరడు: గింత దానికి అంత లొల్లా అన్నా?

రాడార్_రమణి: డిగ్రీ వదిలేయండి. పైలట్‌కి సీపీఎస్ఎస్ ఉంది, మిషన్ మీద పరీక్ష, జన్మకి ఒక్కసారే. పోతే ఆ దారి మూతే. కంట్రోలర్‌కి అలాంటిదేదీ? యూరప్‌లో ఫీస్ట్ అనే ఎంపిక పరీక్ష పెట్టి, వింటూ చూస్తూ లెక్క కట్టగలరో లేదో ముందే తేల్చుకుంటారు.

తార్నాక_నాన్న: మా అమ్మాయి ఎమ్మెస్సీ ఫిజిక్స్. రెండుసార్లు ఐదో రోజు కాన్ఫరెన్స్ దాకా వెళ్లి తిరిగొచ్చింది. ఏ సెలక్షన్ బోర్డో చెప్పను.

మాజీ_బ్లూ: అదీ సంగతి! ఇందాకట్నుంచి డిగ్రీ డిగ్రీ అంటున్నది ఇందుకన్నమాట.

తార్నాక_నాన్న: ఆడపిల్ల ఊసెత్తితే మర్యాదగా ఉండదు.

మాజీ_బ్లూ: ఎత్తింది మీరేగా!

మోడరేటర్: ఇద్దరూ తగ్గండి. లేదంటే తాళం వేస్తా.

తార్నాక_నాన్న: సరే, సూటిగా అడుగుతా. గ్రూప్ డిస్కషన్‌లో ఎవరు గట్టిగా మాట్లాడారు, పలకలూ తాళ్లూ పట్టుకుని టీమ్‌ని అడ్డంకి ఎవరు దాటించారు, ఇదేగా చూసేది? నిమ్మళంగా తన పని తాను చేసుకునే పిల్ల మైకు ముందు పనికిరాదా?

మాజీ_బ్లూ: సివిల్‌లో భేషుగ్గా పనికొస్తుంది. ఇక్కడ ముందు ఆఫీసర్, ఆ తర్వాతే కంట్రోలర్. రన్‌వే మీద బాంబు పడిన రోజున మైకు పక్కన పెట్టి మనుషుల్ని నడిపించాలి.

రాడార్_రమణి: అలా ఎంచుకున్న ఆఫీసరుకు సిమ్యులేటర్‌లో చేతకాకపోతే? షార్ట్ సర్వీసు 10 ఏళ్లు, పొడిగిస్తే ఇంకో 4. కొత్త ఎయిర్‌ఫీల్డుకి పోస్టింగైన ప్రతిసారీ మళ్లీ రేటింగ్, అంటే అక్కడ కంట్రోల్ చేసే అర్హత, తెచ్చుకోవాలి. ఇవన్నీ పోగా చేతికొచ్చే సర్వీసు ఎంతండీ?

మాజీ_బ్లూ: పెట్టమనండి మీ పరీక్ష. బోర్డు దాటినవాళ్లకే.

తార్నాక_నాన్న: బోర్డు కంటే ముందే పెట్టాలి!

మాజీ_బ్లూ: దాటాకే.

బోయిన్‌పల్లి_పోరడు: అన్నలారా, ఏఎఫ్‌క్యాట్, గదే ఎయిర్‌ఫోర్స్ ఆఫీసర్ల ఎంట్రన్స్, నోటిఫికేషన్ ఎప్పుడొస్తదో ఎవరన్న చెప్తరా?