డంజన్స్ అండ్ డ్రాగన్స్‌లో నా రోగ్ (దొంగ) కేరెక్టర్ స్కిల్స్ లెక్క తేలడం లేదు, ఆదివారం ఆట ఉంది. సాయం కావాలి

బెల్లంముక్క (విజయనగరం)

సాయంత్రం నుంచి ఇదే పని, ఒక్క షీటు పూర్తవడం లేదు. నాకు కావలసింది కొట్లాటల రోగ్ కాదు. తాళాలు తియ్యాలి, చాటుగా దూరాలి, గదిలో ఏది ఎక్కడ దాచారో పట్టెయ్యాలి, అవసరమైతే గుమాస్తా వేషం కట్టి కాగితాలు పట్టుకొచ్చెయ్యాలి. డీఎం (ఆట నడిపేవాడు) కథంతా పాత కళింగపట్నం లాంటి రేవు ఊళ్లో పెట్టాడు. గోదాములు, సుంకం కచేరీ, ఓడలు, మధ్యలో సిరిమాను లాంటి జాతర కూడా ఉందట. కత్తి తియ్యకుండా పని జరగాలి, అంతే.

నెట్‌లో ఏ గైడ్ తీసినా హాఫ్-ఎల్ఫ్ తీసుకో, రెండు స్కిల్స్ ఎక్కువొస్తాయి అంటోంది. పుస్తకం మొత్తం తిరగేశా, ఆ జాతే లేదు. రోగ్‌కొచ్చే రిలయబుల్ టాలెంట్ 11వ లెవెల్‌లో అని గైడ్, 7లో అని పుస్తకం. స్కౌట్ అన్న సబ్‌క్లాస్ (రోగ్‌లో ఒక రకం) అసలు కనపడదు. పైగా స్టెల్త్ (చాటుగా దూరడం) కాగితం మీద వేస్తే +10 వస్తోంది, యాప్ +7 చూపిస్తోంది. యాప్ తప్పా? సూటిగా చెప్పండి, ఏం పెట్టాలి?

నాగావళి

ఏటి ఎడిషన్? ఏటి లెవెల్? పార్టీలో ఇంకెవరున్నారు?

టెక్కలి_బస్సు

గైడ్ చెప్పింది కరక్టే తమ్ముడూ. హాఫ్-ఎల్ఫ్ రోగ్, అర్చిన్ (వీధి పిల్లాడు) బ్యాక్‌గ్రౌండ్. క్లాసుకి 4, బ్యాక్‌గ్రౌండ్‌కి 2, జాతికి 2, మొత్తం 8 స్కిల్స్. 3లో స్కౌట్ తీసుకుంటే నేచర్, సర్వైవల్ డబుల్ ప్రొఫిషియెన్సీతో (నేర్చిన పనికి పాచిక మీద కలిపే అంకె రెట్టింపై) ఊరికే వస్తాయి, పది అయిపోయాయి. అర్చిన్‌లో కూడా థీవ్స్ టూల్స్ (తాళాలు తీసే సామాను) ఉంటాయి, క్లాసులో ఎలాగూ ఉంటాయి. రెండు చోట్ల ఒకటే వస్తే బదులుగా ఇంకో టూల్ అడిగి తీసుకోవచ్చు. చాలామంది అది వదిలేస్తారు.

ఇదంతా ఒకెత్తు. నీ డీ20 (ఇరవై ముఖాల పాచిక) సరిగ్గా ఉందో లేదో చూసుకున్నావా? ఇంత స్కిల్ పెట్టి పాచిక ఒక పక్కకే వాలితే లాభమేటి? గోరువెచ్చని నీళ్లు ఓ 200 మిల్లీలీటర్లు, అందులో 70 గ్రాముల ఉప్పు. రెండు చెంచాలు వేసి తేలలేదని వదిలేస్తారు, అది కుదరదు. యాక్రిలిక్ సాంద్రత 1.18 దాకా ఉంటుంది, ఇంక కరగనంత ఉప్పెక్కిన నీళ్లది 1.2. ఆ కాస్త తేడాతోనే పాచిక తేలాలి. తేలాక వేలితో తిప్పి తిప్పి వదులు. ప్రతిసారీ అదే ముఖమో దాని పక్క ముఖాలో పైకొస్తుంటే లోపల గాలి బుడగ ఉన్నట్టే. నౌపడ ఉప్పు పండే జిల్లా పక్కన ఉండి ఈ పరీక్ష చెయ్యకపోతే ఎలగ?

నాగావళి

అడిగింది పాచిక గురించి కాదు.

పలాసపలుకు

బస్సు గారూ, పుస్తకంలో హాఫ్-ఎల్ఫ్ లేదు, రిలయబుల్ టాలెంట్ 7లో ఉంది అంటున్నారు కదా. అంటే ఆయన చేతిలో ఉన్నది డంజన్స్ అండ్ డ్రాగన్స్ 2024 ప్లేయర్ పుస్తకం, గైడ్లు 2014వి. మీరిచ్చిన లెక్కంతా 2014కే సరిపోతుంది. స్కౌట్ 2017 అనుబంధంలో వచ్చింది, 2024 పుస్తకంలో ఉన్న నాలుగు రోగ్ సబ్‌క్లాసుల్లో లేదు.

బెల్లంముక్క గారూ, యాప్ తప్పు కాదు. ఎక్స్‌పర్టీస్ (ఎంచుకున్న స్కిల్‌లో అదనపు పట్టు) రెట్టింపు చేసేది ప్రొఫిషియెన్సీ బోనస్‌ని మాత్రమే. డెక్స్ (చురుకుదనం) +3, ప్రొఫిషియెన్సీ +2 ఐతే 3+2+2, అంటే +7. మీరు (3+2)ని రెండింతలు చేశారు. లెవెల్, పార్టీ చెప్పండి, మిగతాది తేల్చేద్దాం.

డీ20_మేస్టారు

ఈ స్కిల్స్ జబ్బు ఎక్కడ మొదలైందో ఎవరికీ పట్టదు. 1974లో ఆట వచ్చినప్పుడు ఉన్నవి మూడే క్లాసులు: ఫైటింగ్ మ్యాన్, మేజిక్ యూజర్, క్లెరిక్. దొంగ క్లాసు 1975లో అనుబంధంలో వచ్చింది. అంతకు ముందు తాళం కనపడితే ఆటగాడు నోటితో చెప్పేవాడు: తలుపు సందులోంచి చూస్తున్నాను, బందు ఎటువైపుందో చూస్తున్నాను, పది అడుగుల కర్రతో నేల తట్టి చూస్తున్నాను అని. దొంగకి శాతాలు రాసిచ్చిన రోజు నుంచి మిగతావాళ్లు వెతకడం మానేశారు. ఇప్పుడు గదిలోకి అడుగు పెట్టగానే "పర్సెప్షన్ వేస్తా" అంటారు. ఎక్కడ చూస్తున్నావు? దేన్ని ముట్టుకుంటున్నావు? జవాబుండదు. షీట్ మీద +12 ఉంటే ఆడినట్టు కాదు.

నాగావళి

మేస్టారూ, ఆదివారం ఆట.

బెల్లంముక్క

అవును 2024దే. 3వ లెవెల్‌తో మొదలు. 27 పాయింట్ల బై (ఆ పాయింట్లతో బలం, తెలివి లాంటివి కొనుక్కోవాలి). పార్టీలో బార్డ్ (పాటగాడు), ఫైటర్, క్లెరిక్. బార్డ్ ఆడేవాడు మాటలన్నీ తనే ఆడేస్తాడు, అది వేరే సంగతి.

పలాసపలుకు

ఇప్పుడు దారిలో పడ్డాం. బార్డ్ ఉంటే పర్స్యుయేషన్ జోలికి వెళ్లకండి. 2వ లెవెల్‌కే అతనికి రెండు ఎక్స్‌పర్టీస్‌లు వచ్చేస్తాయి, కరిస్మా ఎలాగూ మీకంటే ఎక్కువే. మీ బలం చేతులు, కళ్లు, కాగితాలు.

హ్యూమన్, స్క్రైబ్ (లేఖకుడు) బ్యాక్‌గ్రౌండ్. పాయింట్లు స్ట్రెంత్ 8, డెక్స్ 15, కాన్ (ఒంటి గట్టితనం) 14, ఇంట్ (తెలివి) 13, విజ్ (గ్రహింపు) 12, కరిస్మా 10. ఖర్చు 0+9+7+5+4+2, సరిగ్గా 27. స్క్రైబ్ ఇచ్చే మూడింట్లో డెక్స్‌కి +2, ఇంట్‌కి +1 పెట్టండి. డెక్స్ 17, ఇంట్ 14 అవుతాయి. డెక్స్ 17 బేసి సంఖ్య అని బెంగ వద్దు, 4వ లెవెల్‌లో దాని పని ఉంది.

స్క్రైబ్‌తో ఇన్వెస్టిగేషన్, పర్సెప్షన్ వస్తాయి, స్కిల్డ్ ఫీట్ (అదనపు ప్రత్యేకత) కూడా వస్తుంది. స్కిల్డ్‌తో మూడు స్కిల్సే తీసుకోవాలని లేదు, టూల్స్ కూడా తీసుకోవచ్చు. గుమాస్తా వేషం అన్నారు కాబట్టి ఫోర్జరీ కిట్, డిస్గైజ్ కిట్, మూడోది హిస్టరీ లేదా ఆర్కానా. ఫోర్జరీ కిట్‌తో పది మాటల్లోపు ఎదుటివాడి చేతిరాత దించాలంటే డీసీ (పాచికతో అందుకోవలసిన అంకె) 15, లక్క ముద్ర దించాలంటే డీసీ 20. సుంకం కచేరీలో ముద్ర దగ్గరే దొరికిపోయే ప్రమాదం ఎక్కువ. ముద్ర కావాలంటే అసలు ముద్రే దొంగిలించడం తేలిక.

క్లాసు నాలుగు: స్టెల్త్, స్లైట్ ఆఫ్ హ్యాండ్ (చేతివాటం), ఇన్‌సైట్, డిసెప్షన్. హ్యూమన్‌కి ఇచ్చే ఒక స్కిల్ మీ ఇష్టం. హ్యూమన్ ఫీట్‌కి మళ్లీ స్కిల్డ్ తీసుకోవచ్చు, అది ఎన్నిసార్లైనా తీసుకోగలిగే ఫీట్. రెండుసార్లూ అన్నీ స్కిల్సే తీసుకుంటే మొత్తం పద్దెనిమిదిలో 13 మీవే. నేనైతే ఆ పని చెయ్యను. అన్నీ +2 చొప్పున ఉన్నవాడు ఎందులోనూ మొనగాడు కాడు. దాని బదులు లక్కీ తీసుకోండి. ప్రొఫిషియెన్సీ ఎంతో అన్ని పాయింట్లు వస్తాయి, ఒకటి ఖర్చు పెడితే ఆ రోల్‌కి అడ్వాంటేజ్ (రెండు పాచికలు వేసి పెద్దది తీసుకోవడం).

బెల్లంముక్క

ఎక్స్‌పర్టీస్ రెండూ వేటికి? థీవ్స్ టూల్స్‌కి ఒకటి పెడదామనుకున్నా, యాప్ ఒప్పుకోవడం లేదు.

పలాసపలుకు

2014లో టూల్స్‌కి పెట్టొచ్చు, 2024లో స్కిల్స్‌కి మాత్రమే. అయినా నష్టం లేదు. 2024లో తాళం తియ్యడం డెక్స్ మీద స్లైట్ ఆఫ్ హ్యాండ్ చెక్, మామూలు తాళం డీసీ 15. చెక్‌కి వాడే స్కిల్, టూల్ రెండింట్లోనూ ప్రొఫిషియెన్సీ ఉంటే అడ్వాంటేజ్. ఎక్స్‌పర్టీస్ లేకుండా +5. ఒక్క పాచికతో 55 శాతం, రెండు పాచికల్లో పెద్దది తీసుకుంటే దాదాపు 80. ఎక్స్‌పర్టీస్ పెడితే +7, దాదాపు 88. అంటే పెరిగేది ఎనిమిదే.

అదే స్టెల్త్‌కి అలాంటి అడ్వాంటేజ్ లేదు. పైగా తాళం మొదటిసారి రాకపోతే చాలా సందర్భాల్లో మళ్లీ ప్రయత్నించొచ్చు, కాపలావాడి కంట పడ్డాక మళ్లీ అన్నది లేదు. అందుకే రెండూ స్టెల్త్, పర్సెప్షన్‌లకి. పర్సెప్షన్ +5, పాసివ్ (పాచిక వెయ్యకుండానే) 15.

4లో స్కిల్ ఎక్స్‌పర్ట్ ఫీట్: డెక్స్ 18, ఇంకో స్కిల్, ఇంకో ఎక్స్‌పర్టీస్ (అప్పుడు ఇన్వెస్టిగేషన్‌కి పెట్టండి). 6లో మరో రెండు, అందులో ఒకటి స్లైట్ ఆఫ్ హ్యాండ్‌కి. 7లో ప్రొఫిషియెన్సీ +3 ఉంటుంది కాబట్టి స్టెల్త్ +10. రిలయబుల్ టాలెంట్ వల్ల పదికి తక్కువ పడినా పదే. అంటే మీ అతి తక్కువ స్టెల్త్ 20. అక్కడి నుంచి డీసీ 20 దాకా మీకు పాచికతో పనిలేదు.

సబ్‌క్లాస్ సోల్‌నైఫ్. ప్రొఫిషియెన్సీ ఉన్న స్కిల్ లేదా టూల్ చెక్ పోతే సయోనిక్ డై వేసి కలుపుకోవచ్చు. 3వ లెవెల్‌కి నాలుగు డీ6లు (ఆరు ముఖాల పాచికలు). కలిపినా గెలవకపోతే ఆ డై ఖర్చవదు.

టెక్కలి_బస్సు

థీఫ్ వదిలేసి సోల్‌నైఫ్ ఏటండీ? బోనస్ యాక్షన్‌లో (ఒక వంతులో దొరికే అదనపు పని) తాళం తియ్యడం థీఫ్‌కే ఉంది. మరో మాట. ఉచ్చులు వెతకడానికి పర్సెప్షన్ చాలు, ఇన్వెస్టిగేషన్‌కి ఎక్స్‌పర్టీస్ దండగ.

నాగావళి

కాదు. సెర్చ్ యాక్షన్‌లో పర్సెప్షన్: దాగి ఉన్న మనిషి, వస్తువు. స్టడీ యాక్షన్‌లో ఇన్వెస్టిగేషన్: ఉచ్చులు, సంకేత లిపులు, యంత్రాలు. పుస్తకంలో పట్టిక ఉంది.

టెక్కలి_బస్సు

నేల మీద సన్న తీగ కనపడ్డం పర్సెప్షనే కదా?

నాగావళి

కనపడ్డం పర్సెప్షన్. అది ఏం చేస్తుందో తెలియడం ఇన్వెస్టిగేషన్. విప్పడం థీవ్స్ టూల్స్.

డీ20_మేస్టారు

చూశారా. ఒక్క తీగకి మూడు రోల్స్. కర్రతో తడితే అయిపోయేది.

పలాసపలుకు

మేస్టారి మాటలో పనికొచ్చేది ఒకటుంది. "బల్ల సొరుగు కింద చెయ్యి పెట్టి తడుముతున్నా" అని చోటు చెప్తే చాలామంది డీఎంలు డీసీ తగ్గిస్తారు, లేదా రోలే అడగరు. అది నేర్చుకోండి.

బస్సు గారూ, థీఫ్ బోనస్ యాక్షన్ కొట్లాట మధ్యలో తాళం తీసేటప్పుడు అక్కరకొస్తుంది. రాత్రి గోదాములో ఎవరూ లేనప్పుడు వేగంతో పనేముంది? పాచిక సంగతికొస్తే, నీళ్లలో తేలినప్పుడు కనపడే చిన్న బుడగ బల్ల మీద దొర్లినప్పుడు అంత తేడా చూపించదు.

బెల్లంముక్క గారూ, రెండు సంగతులు ఆట మొదలవ్వక ముందే చూసుకోండి. ఒకటి డబ్బు. ప్రొఫిషియెన్సీ వచ్చినంత మాత్రాన కిట్ చేతికి రాదు. ఫోర్జరీ 15 బంగారు, డిస్గైజ్ 25. రోగ్ సామాను మూట తీసుకుంటే థీవ్స్ టూల్స్, షార్ట్‌బో అందులోనే ఉంటాయి, పైన 8 మిగులుతాయి. స్క్రైబ్ మూటలో 23 ఇస్తారు, రెండూ కలిపి 31, రెండు కిట్లకి చాలవు. స్క్రైబ్‌కి మూట బదులు 50 నగదు తీసుకుంటే 58. రెండు కిట్లు కొన్నాక 18 ఉంటాయి, అందులో పదితో కాలిగ్రఫీ సామాను. మంచి బట్టలు మాత్రం పోతాయి, బార్డ్‌వి అరువు తెచ్చుకోండి.

రెండోది దాక్కోవడం. హైడ్ డీసీ 15, దానికి బాగా చీకటి లాంటి మరుగో, ముప్పావు వంతు అడ్డమో ఉండాలి. జాతర జనం అడ్డం కింద లెక్కేనా అన్నది డీఎం చేతిలో ఉంది. జనంలో కలిసిపోయి జేబు కొట్టడమే మీ ఎత్తైతే ముందే అడిగేయండి, అక్కడికెళ్లాక వాదన పెట్టుకుంటే ఆట ఆగిపోతుంది.

కొట్లాట తప్పకపోతే షార్ట్‌బో మాస్టరీ తీసుకోండి. దానిది వెక్స్: తగిలి దెబ్బ పడితే అదే శత్రువు మీద మీ తర్వాతి దాడికి అడ్వాంటేజ్, దాంతో స్నీక్ అటాక్ (రోగ్ చాటు దెబ్బ) 2డీ6.

బెల్లంముక్క

పెట్టేశా. యాప్‌లో ఎర్ర గుర్తులన్నీ పోయాయి. లక్కీకి డీఎం ఊరుకోడట, అలర్ట్ పెట్టా. థాంక్స్ అక్కా, అందరికీ.

నాగావళి

జనం అడ్డం సంగతి అడిగావా?

టెక్కలి_బస్సు

తీగ పట్టుకోడానికి డీఎం పర్సెప్షన్ అడిగితే నాకు చెప్పు తమ్ముడూ. పట్టిక ఉన్నా చాలాచోట్ల అలగే ఆడతారు.

నాగావళి

చాలాచోట్ల తప్పే ఆడతారు.