కొత్త ప్యాడ్లు వేయించాక ఎడమ కాలిపర్ నుండి బ్రేక్ ఆయిల్ కారుతోంది

ప్రశ్న: సింగ్‌నగర్ వాసి, విజయవాడ

అందరికీ నమస్కారం. నా వద్ద 230 హార్స్‌పవర్ టర్బో పెట్రోలు సెడాన్ ఉంది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు ఈ కారు మా వీధిలో చక్రాలు మునిగేంత నీటిలో నాలుగు రోజులు నిలిచిపోయింది. ఇంజనులోకి నీరు చేరలేదు కనుక కడిగించి, ఆయిళ్లు మార్పించి వాడుకుంటున్నాను. బ్రేకులు ఇంతవరకు ఇబ్బంది పెట్టలేదు. మూడు వారాల క్రితం ముందు ప్యాడ్లు బాగా అరిగాయని కొత్తవి వేయించాను. పది రోజులకే ఎడమ ముందు చక్రం లోపలివైపు తడి కనిపించింది, డబ్బాలో ఆయిల్ కింది గీతకు దిగింది, పెడల్ మునుపటికంటే లోతుకు పోతోంది. సీల్ పాతబడిందని, సీల్ కిట్ వేస్తే సరిపోతుందని మెకానిక్ అంటున్నారు. ప్యాడ్లు మార్చినంత మాత్రాన సీల్ పోతుందా? ఉద్యోగరీత్యా రోజూ గుంటూరు వెళ్లిరావలసిన నేను, కిట్ వచ్చేవరకు ఆయిల్ పోసుకుంటూ నడపవచ్చా?

జవాబు: పాత మెకానిక్, గుంటూరు

ముందుగా రెండో ప్రశ్నకు: నడపవద్దు. ఇటువంటి ముందుచక్రాల డ్రైవ్ కార్లలో సాధారణంగా బ్రేకులు రెండు సర్క్యూట్లుగా, మూలకు మూలగా ఉంటాయి కాబట్టి ఒకటి పోయినా రెండవది కొంత ఆపుతుంది. కానీ హైవే వేగంలో ఆ సగం బ్రేకును నమ్ముకోవడం తెలివైన పని కాదు. బండిని లాగించి తీసుకువెళ్లండి.

మీరు వరద మాట చెప్పకపోతే నేనూ సీల్ అనే అనేవాడిని. డిస్క్ బ్రేకులో ప్యాడ్లను డిస్క్‌కు నొక్కే భాగం కాలిపర్, నొక్కేది దానిలోని పిస్టన్. రబ్బరు సీల్ ఆ పిస్టన్‌తో పాటు కదలదు. కాలిపర్ గాడిలో అది స్థిరంగా కూర్చుంటే, పిస్టన్ దానిలోంచి జారుతుంది. అందువల్ల ఆయిల్‌ను ఆపే అసలు ఉపరితలం పిస్టన్ పక్కగోడ. ప్యాడ్లు అరిగే కొద్దీ పిస్టన్ బయటికి వస్తుంది, అలా వచ్చిన భాగాన్ని డస్ట్ బూట్ అనే రబ్బరు తొడుగు కప్పి ఉంచుతుంది. బూట్‌లోకి వరద నీరు చేరి నిలిచిపోతే, ఆ బయటి భాగం మీది క్రోమ్ పూత లేచి తుప్పు పడుతుంది. అది సీల్‌కు అవతల ఉన్నంతకాలం ఏమీ తెలియదు. కొత్త ప్యాడ్లు మందంగా ఉంటాయి కనుక, వాటికి చోటు చేయడానికి పిస్టన్‌ను లోపలికి నొక్కుతారు. అప్పుడు ఆ తుప్పు పట్టిన పట్టీయే సరిగ్గా సీల్ కిందికి వచ్చి కూర్చుంటుంది. మెకానిక్ తప్పు చేశారని నేను అనడం లేదు, నొక్కే ముందు బూట్ ఎత్తి చూసి ఉండవలసింది, అంతే.

కాబట్టి సీల్ కిట్ మాత్రమే వేస్తే కొత్త రబ్బరు అదే గుంటల మీద రుద్దుకుని మళ్లీ కారుతుంది. ఎమరీతో రుద్ది నునుపు చేద్దామంటారు. పూత లేచిన చోట గుంట మిగిలే ఉంటుంది, గట్టిగా బ్రేకు వేస్తే వంద బార్ దాటే ఒత్తిడికి అది చాలు. పిస్టన్ మార్చండి. సీల్ గాడి అడుగు కూడా తుప్పు తిని ఉంటే కాలిపరే మార్చండి. లేత్ మీద పిస్టన్ తయారుచేయించుకోమని చెప్పేవారు మన ఆటోనగర్లలో ఉంటారు; కొలతలో చిన్న తేడాకు కూడా పిస్టన్ పట్టేసే చోట నేను ఆ పని చేయించను.

జవాబు: పటమట, విజయవాడ

పై వివరణతో ఏకీభవిస్తున్నాను. అయితే విప్పే ముందు కారేది ఎక్కడో తేల్చుకోండి. కాలిపర్‌ను బ్రేక్ క్లీనర్‌తో కడిగి, ఆరనిచ్చి, ఇంజను ఆన్‌లో ఉంచి మరొకరిచేత పెడల్ తొక్కించి చూడండి. హోస్ పైపును కాలిపర్‌కు బిగించే బాంజో బోల్ట్ దగ్గర తడి వస్తే కొత్త రాగి వాషర్లతో పని అయిపోతుంది. గాలి తీసే నిపుల్ దగ్గరైతే నిపుల్. బూట్ అంచు నుండి వస్తేనే పిస్టన్ సంగతి.

ఆయిల్ తడిసిన ప్యాడ్లను కడిగి వాడవద్దు. కొత్తవే కదా అని మనసు ఒప్పుకోదు, కానీ రెండు వైపులా మార్చవలసిందే, లేకపోతే బ్రేకు వేసినప్పుడు బండి ఒక పక్కకు లాగుతుంది.

జవాబు: పాత మెకానిక్, గుంటూరు

ఒక విషయం మరచాను. పిస్టన్ బయటికి తీయడానికి గాలి కొట్టేటప్పుడు ఎదురుగా చెక్కముక్క పెట్టి, వేళ్లు దూరంగా ఉంచండి. రబ్బరుకు పెట్రోలు గానీ మామూలు గ్రీజు గానీ తగలనివ్వకండి, అది ఉబ్బిపోతుంది; కొత్త బ్రేక్ ఆయిల్‌తోనే తడిపి ఎక్కించండి. డబ్బా పూర్తిగా ఖాళీ కానివ్వకండి, ఏబీఎస్ యూనిట్‌లోకి గాలి చేరితే స్కానర్ పెట్టి పంపు నడిపితే తప్ప గాలి తీయడం కుదరకపోవచ్చు. ఎలాగూ విప్పుతున్నారు కాబట్టి నాలుగు చక్రాలకూ పాత ఆయిల్ తీయించండి. డాట్ 4 రకం బ్రేక్ ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల వరకు మరగకూడదన్నది ప్రమాణం. గాలిలోని తేమ పీల్చుకున్నాక ఆ హద్దు 155కు దిగుతుంది. మీ కారు వేగానికి ఆ తేడా చిన్నది కాదు.

ప్రశ్న అడిగినవారు: సింగ్‌నగర్ వాసి

ఇద్దరికీ కృతజ్ఞతలు. కాలిపర్ విప్పించాను, తడి బూట్ అంచు నుండే వస్తోంది. పిస్టన్ చుట్టూ వేలెడు వెడల్పున తుప్పు పట్టీ, దానిలో గోరు తగిలే గుంటలు ఉన్నాయి. గాడి మాత్రం శుభ్రంగా ఉంది. పిస్టన్, సీల్ కిట్, ప్యాడ్ల సెట్టు వేయించి, ఆయిల్ మొత్తం మార్పించాక పెడల్ గట్టిగా నిలుస్తోంది, వారం తరువాత కూడా తడి లేదు. కుడివైపు కాలిపర్ కూడా అదే నీటిలో ఉంది కదా అని బూట్ ఎత్తి చూస్తే, కారడం ఇంకా మొదలు కాలేదు గాని, అక్కడా సన్నని తుప్పు గీత కనిపించింది. దానికి కూడా పిస్టన్ తెప్పిస్తున్నాను.