సమస్యాపూరణం: చెవిటివాఁడు వినియెఁ జెక్క పాట

నిర్వాహకుడు:
ఈ వారం ఆటవెలది చివరి పాదం ఇస్తున్నాను.

చెవిటివాఁడు వినియెఁ జెక్క పాట

విషయం కూడా నాదే: కారు సబ్‌వూఫర్‌కి (బేస్ మోగించే పెద్ద స్పీకర్‌కి) ఇంట్లోనే పెట్టె కట్టుకోవడం. పద్యం నడవాలి, పెట్టె మోగాలి. ఏది తేడా వచ్చినా చెప్పేస్తాం. ఇంగ్లీషు మాటలకు అభ్యంతరం లేదు, యతి తప్పితే ఉంది.

అసలు పెట్టె ఎందుకని ఒకరు అడిగారు. ఒట్టి స్పీకర్‌ని బల్ల మీద పెట్టి మోగించండి, బేస్ దాదాపు వినపడదు. కోన్ (స్పీకర్‌లో ఊగే గరాటు) ముందుకు కదిలినప్పుడు ముందు గాలి నొక్కుకుంటుంది, వెనక గాలి పలచబడుతుంది. ఆ రెండూ చుట్టూ తిరిగి కలిసి ఒకదాన్నొకటి చంపేసుకుంటాయి. వాటిని విడదీయడానికే పెట్టె.

నల్లకుంట అత్తయ్య:
నల్ల పాడటంచు నాల్గుమార్లడిగిన
ఇంటి పెద్ద చెవికి నెక్కలేదు
బేసు మోగినంతఁ బెద్దగా నరచెను
చెవిటివాఁడు వినియెఁ జెక్క పాట

నిర్వాహకుడు:
అత్తయ్యా, నల్ల (కొళాయి) కష్టానికి హైదరాబాద్‌లో అద్దెకున్న ప్రతివాడూ చప్పట్లు కొడతాడు. ‘చెవికి నెక్క’ దగ్గర స్వరయతి (ఇ, ఎ అచ్చుల పొత్తు) హాయిగా పడింది. పెట్టె సంగతి మాత్రం ఒక్క ముక్కా లేదు. పద్యానికి పూర్తి మార్కులు, వడ్రంగానికి సున్న.

మల్కాజిగిరి మాస్టారు:
చేయి పెట్టె మీద చేర్చిన యంతనే
అదురు వచ్చి గుండె నంటి యూపె
చెవికి రాని బేసు చేతికి వినిపింప
చెవిటివాఁడు వినియెఁ జెక్క పాట

నిర్వాహకుడు:
సమస్యలోని విరోధాన్ని నిజంగా విడగొట్టిన పూరణ ఇది. 30 హెర్ట్జ్ (సెకనుకి 30 ఊపుల) ధ్వనిని సగం చెవితో, సగం ఒంటితో వింటాం. స్కాట్లాండ్ వాద్యకారిణి ఎవెలిన్ గ్లెన్నీకి 12 ఏళ్లకే వినికిడి చాలావరకు పోయింది. ఆవిడ చెప్పులు విప్పి, నేల అదురు పాదాలకు తెలిసేలా నిలబడి వాయిస్తారు. కల్పన కాదు, జరిగేదే.

రంపంపొట్టు:
మాస్టారూ, పద్యం బాగుంది గానీ మీ పెట్టె బాగాలేదు. చెయ్యి పెడితే గుండె దాకా అదిరిందంటే పలకలు పలచన. మంచి పెట్టెలో చెక్క పాడకూడదు, కోన్ ఒక్కటే పాడాలి. పలక అదిరితే శక్తి అక్కడే ఖర్చయిపోతుంది, పైగా దాని సొంత గొంతు పాటలో కలుస్తుంది. అందుకే 18 మి.మీ. ఎండీఎఫ్ (చెక్కపొట్టు నొక్కి చేసిన పలక), లోపల అడ్డకర్రలు, ప్రతి అతుకుకీ జిగురుతో పాటు స్క్రూలు. ఎండీఎఫ్ అంచుకి ముందు చిన్న బెజ్జం వేయకుండా స్క్రూ బిగిస్తే అట్టలా చీలిపోతుంది, అది వేరే ఏడుపు. చెక్క పాడకూడదన్న లెక్కన సమస్యే తప్పేమో!

మల్కాజిగిరి మాస్టారు:
ఒప్పుకున్నాను. ‘చేయి సీటు మీద చేర్చిన యంతనే’ అంటే? గణాలు అవే, యతి అదే.

రంపంపొట్టు:
ఇప్పుడు కుదిరింది. సీటు ఎంత అదిరితే అంత సంతోషం.

బోయిన్‌పల్లి బేసు:
గొట్ట మెంత సాగఁ గొంతంత హెచ్చగు
మూర పొడవు పెట్టి మోగఁ జేయ
గాలి పొంగి పొరలి కారెల్ల నదరంగఁ
జెవిటివాఁడు వినియెఁ జెక్క పాట

నిర్వాహకుడు:
గణాలు, యతులు అన్నీ సరే. మూడో పాదం చదువుతుంటేనే అద్దాలు అదిరాయి.

రంపంపొట్టు:
మొదటి పాదం తలకిందులైంది తమ్ముడూ. ఖాళీ సోడా సీసా మూతి మీద ఊదితే వచ్చే మోత లాంటిదే పోర్టు పెట్టె (గాలి ఆడే గొట్టం పెట్టిన పెట్టె) మోత కూడా. గొట్టం పొడవు పెరిగితే అందులో ఊగే గాలి బరువు పెరుగుతుంది, శ్రుతి దిగుతుంది. 50 లీటర్ల పెట్టెకి 10 సెం.మీ. గుండ్రటి గొట్టం పెట్టి 30 హెర్ట్జ్ కావాలంటే పొడవు సుమారు 45 సెం.మీ. రావాలి, అంటే నీ మూర సరిగ్గా సరిపోయింది! అదే 40 హెర్ట్జ్ చాలనుకుంటే 22 సెం.మీ. దగ్గర ఆగిపోవచ్చు. ఆ 50 లీటర్లూ స్పీకర్, గొట్టం, అడ్డకర్రలు ఆక్రమించే చోటు తీసేశాక మిగలాలి. ఇంకో మాట. శ్రుతికి కిందకి పోతే పోర్టు పెట్టెలో కోన్‌ని ఆపే గాలి ఉండదు, ఆంప్‌లో (యాంప్లిఫయర్‌లో) ఆ కింది శ్రుతులను ఆపే సబ్‌సోనిక్ ఫిల్టర్ వేసుకో. ఇంత టెన్షన్ వద్దనుకుంటే గొట్టం లేని మూసిన పెట్టె కట్టు, మోత కాస్త తగ్గినా, శ్రుతి కిందికి పోయేకొద్దీ బేస్ ఒక్కసారిగా పడిపోకుండా నెమ్మదిగా తగ్గుతుంది.

బోయిన్‌పల్లి బేసు:
‘గొట్ట మెంత సాగఁ గొంతంత దిగజారు’. సరేనా అన్నా? కోఠి గుజరాతీ గల్లీలో స్పీకర్ కొన్నా, గొట్టం ఇంకా కొయ్యలేదు. బతికిపోయా.

కొత్త సభ్యుడు:
సీలికాను పూసి సందులన్ని మూసి
గాలి చొరని రీతి గట్టి పఱచి
డబ్బ కట్టి తాత టక్కున నొడి నుంచ
చెవిటివాఁడు వినియెఁ జెక్క పాట

నిర్వాహకుడు:
స్వాగతం. మొదటి పాదం చివర రెండు ఇంద్రగణాలు రావాలి, మీకు మూడు సూర్యగణాలు వచ్చాయి. ‘సీ’కి ‘సం’ యతి కూడా కుదరదు. ‘సీలికాను పూసి చిల్లులు పూడ్చంగ’ అని చూడండి, రెండూ సర్దుకుంటాయి.

రంపంపొట్టు:
సీలికాన్ పూసిన వెంటనే స్పీకర్ బిగించకండి, ఆ ఘాటు వాసన పూర్తిగా పోనివ్వండి. అది కోన్ చుట్టూ ఉండే ఫోమ్‌కి, జిగురుకి మంచిది కాదు. ఇక తాత ఒడిలో అన్నారు. 50 లీటర్ల పెట్టెకి 18 మి.మీ. చెక్కే 12 కిలోల దాకా తూగుతుంది, మీద స్పీకర్. పాట వినేలోపు తాతగారి మోకాళ్లు పోతాయి.

నల్లకుంట అత్తయ్య:
మా ఇంటి పెద్ద ఒళ్లో పెట్టండి, నల్ల బాగవుతుంది.

నిర్వాహకుడు:
ఈ వారం మొదటి స్థానం మాస్టారి సవరించిన పద్యానికి. వచ్చే ఆదివారానికి తేటగీతి పాదం:

గాలి చొరరాని గది నుండి గాలి వీచె

విషయం మీ ఇష్టం. పోర్టు గొట్టం మీద మాత్రం వద్దు, బోయిన్‌పల్లి తమ్ముడు ఈపాటికే మొదలుపెట్టి ఉంటాడు.