నల్లరేగడి మీద తోలిన మట్టి: ఈ గుంతను ఏ నేల అని రాయాలి?

ఎం.ఎస్సీ. విద్యార్థి, కర్నూలు
ప్రాజెక్టు కోసం కల్లూరు వైపు ఒక ఖాళీ ప్లాటులో మీటరు లోతు గుంత తీశాను. పై 55 సెంటీమీటర్లు తోలిన మట్టి. ఇటుక ముక్కలు, సిమెంటు పెళ్లలు, నాపరాయి ముక్కలు, టైల్స్, అక్కడక్కడా క్యారీబ్యాగులు. దాని కింద అసలు నల్లరేగడి. అందులోనూ తెల్లటి గడ్డలు బాగానే ఉన్నాయి. కంటి అంచనాతో ముక్కలూ గడ్డలూ కలిపి పైన 50 శాతం, కింద 25 శాతం అని రాసుకున్నాను. యాసిడ్ చుక్క వేస్తే పైనా కిందా బుస్సుమని పొంగుతోంది. అంటే కింద కూడా సిమెంటు ఉన్నట్టేనా? టెక్నోసోల్ (మనిషి చేసిన వస్తువులు ఎక్కువగా కలిసిన నేల) అని రాసేయొచ్చా? సోమవారం గైడుకు చూపించాలి, టెన్షన్‌గా ఉంది.

రిటైర్డ్ సాయిల్ సర్వే ఉద్యోగి, అనంతపురం
బాబూ, మన నల్లరేగడిలో యాసిడ్‌ను నమ్ముకుంటే మునిగిపోతావు. ఆ తెల్లగడ్డలు సుద్దగడ్డలు, నేలలోనే పుట్టినవి. సున్నం కాబట్టి పొంగుతాయి. సిమెంటూ పొంగుతుంది, పాతిళ్ల సున్నం పెళ్లలూ పొంగుతాయి. ఒక్కోదాన్ని సుత్తితో పగలగొట్టి చూడు. గోడ పెళ్లలో ఇసుక రేణువులు కనిపిస్తాయి, ఇటుకను అంటుకున్న వైపు చదునుగా ఉంటుంది. సుద్దగడ్డ ఎటు తిప్పినా ఎగుడుదిగుడే. దాన్ని లెక్కలోంచి తీసెయ్.

నాపరాయి ముక్కలను మాత్రం తీయకు. రాయి సహజమే కానీ మనిషి కోసి, చెక్కి తెచ్చాడు. కొట్టిన కంకర కూడా అంతే. డబ్ల్యూఆర్‌బీ అనే అంతర్జాతీయ నేలల వర్గీకరణ పద్ధతిలో ఇవన్నీ ఆర్టిఫాక్టులే, అంటే మనిషి చేసినవి లేదా మార్చినవి. టెక్నోసోల్స్ అనే వర్గం 2006లో వచ్చింది, ఇప్పుడు వాడాల్సింది 2022 నాటి నాలుగో కూర్పు. టెక్నోసోల్ అనాలంటే పై 100 సెంటీమీటర్లలో సగటున కనీసం 20 శాతం ఆర్టిఫాక్టులు ఉండాలి. అది బరువులో కాదు, ఘనపరిమాణంలో. చాలామంది తప్పేది ఇక్కడే.

కంటి అంచనా వద్దు. ఎర్ర ఇటుక కంటికి కొట్టొచ్చినట్టు కనిపించి ఎక్కువ అనిపిస్తుంది. గుంత గోడలో ఒక్కో పొర నుంచి 25 సెం.మీ. పొడవు, 25 వెడల్పు, 20 లోతున దిమ్మ తియ్యి. అది పన్నెండున్నర లీటర్లు. ముక్కలు ఏరి కడిగి, రాత్రంతా నీళ్లలో నానబెట్టు. ఇటుక నీళ్లు తాగుతుంది, పొడిగా ముంచితే కొలత తప్పుతుంది. తెల్లారి అంచుదాకా నింపిన బకెట్‌లో ముంచి, పొర్లిన నీళ్లు కొలువు. కవర్లను గట్టిగా నలిపి ముంచు, గాలితో ఉబ్బినవి ముంచితే అంతా గాలి లెక్కే!

ప్లాటు ఓనరు, నంద్యాల రోడ్డు
మధ్యలో వస్తున్నాను సార్. మా ప్లాటుకు గరుసు తోలమని చెప్తే, ట్రాక్టరు వాడు కూలగొట్టిన ఇంటి చెత్త పోసి పైన బెత్తెడు ఎర్రమట్టి పరిచాడు. నిమ్మ మొక్క ఆకులు పసుపుగా మారి, ఈనెలు మాత్రం పచ్చగా ఉన్నాయి. యూరియా వేశాను, మార్పు లేదు.

రిటైర్డ్ సాయిల్ సర్వే ఉద్యోగి
యూరియా ఆపండి. సున్నం, సిమెంటు ఉన్నచోట నేలలో ఇనుమున్నా వేళ్లకు అందదు. కొత్త ఆకులే ముందు పసుపు తిరిగి ఉంటే అదే కావచ్చు. నిమ్మకు సున్నం అసలు పడదు. మీటరు గుంత తీసి, చెత్త ఎత్తేసి, వేరే మట్టి, మాగిన పశువుల ఎరువు కలిపి నింపి కొత్త మొక్క పెట్టండి. అంత ఓపిక లేకపోతే వేపో కానుగో నాటుకోండి.

ఎం.ఎస్సీ. విద్యార్థి
సార్, కొలిచాను. హాస్టల్ బాత్రూంలో బకెట్ ఆక్రమించినందుకు తిట్లు కూడా తిన్నాను. పైపొరలో నాలుగున్నర లీటర్లు పొర్లింది, అంటే 36 శాతం. కింద సుద్దగడ్డలు తీసేస్తే అర లీటరు, 4 శాతం. కానీ అసలు నేలలోకి ఇటుక ముక్కలు, ఒక షాంపూ ప్యాకెట్టు ఎలా వెళ్లాయి?

రిటైర్డ్ సాయిల్ సర్వే ఉద్యోగి
నెర్రెల్లోంచి! మట్టి తోలకముందు ఎన్ని ఎండాకాలాలు ఆ రేగడి చెయ్యి పట్టేంత నెర్రెలు విచ్చిందో. పైన పడిందల్లా లోపలికి జారుతుంది, వానకు నేల ఉబ్బి మూసుకుంటుంది.

ఇప్పుడు లెక్క చూడు. 55 సెంటీమీటర్లకు 36 శాతమంటే 19.8. కింది 45కు 4 శాతమంటే 1.8. మొత్తం వంద సెంటీమీటర్లకు 21.6, అంటే సగటున 21.6 శాతం. పైపొర ఒక్కటే అయితే 20 దాటేది కాదు, నెర్రెల్లో పడిన ఆ అర లీటరే దాటించింది. ఇంత అంచున ఉన్నప్పుడు గుంత ఎదుటి గోడలోనూ కొలువు. అక్కడా 20 దాటితే టెక్నోసోల్. ముక్కల్లో ఎక్కువ భాగం ఇళ్ల శిథిలాలే కాబట్టి పేరుకు ముందు 'అర్బిక్' (ఇళ్ల శిథిలాలు, చెత్త ఉన్నదని చెప్పే మాట) చేర్చు.

గైడు అమెరికా వాళ్ల నేలల వర్గీకరణ అయిన సాయిల్ టాక్సానమీలో అడిగితే అందులో టెక్నోసోల్ అనే ఆర్డరే (పెద్ద వర్గమే) లేదు. మనిషి తెచ్చిపోసిన మట్టి అని గుర్తించి, పొర పేరు ముందు టోపీ గుర్తు (^), ఆర్టిఫాక్టులు ఉంటే చివర యూ (u) అక్షరం పెడతారు. రెండు పద్ధతులనూ ఒకే వరుసలో కలిపి రాయకు.

ఎం.ఎస్సీ. విద్యార్థి
ఎదుటి గోడలో పైపొర 40 శాతం, కింద మళ్లీ 4 వచ్చింది సార్. మొత్తం 23.8. రెండు కొలతలూ పక్కపక్కనే రాసి ఇస్తున్నాను. బకెట్ కడిగి పెట్టేశాను.