మూలుగుతున్న క్రౌన్‌ల 140 ఆయిల్ పోస్తే సరిపోతదా?

దేవరకొండ_స్టీరింగ్: 2008 నాటి వెనక చక్రాల డ్రైవ్ జీపు, లక్షా 80 వేలు తిరిగింది. 60 స్పీడు దాటితే క్రౌన్ (వెనక ఇరుసు నడుమనున్న గేర్ల గుండు) మూలుగుతది. ఆయిల్ ఇంటికాడనే మార్చాలె. 90 నంబర్ గేర్ ఆయిల్ బదులు ఇంకింత చిక్కటి 140 పోస్తే చప్పుడు పోతదంటున్నరు, నిజమేనా?

పాలమూరు_పానా: పొయ్యి తమ్మీ. మనదేమన్న మంచు కురిసే ఊరా? అరిగిన పళ్ల నడుమ చిక్కటి ఆయిల్ పొర నిలబడితే చప్పుడు తగ్గుతది.

మిర్యాలగూడ_గేర్: చప్పుడు తగ్గుడు వేరు, అరుగుడు ఆగుడు వేరన్నా. 100 డిగ్రీల కాడ 90 ఆయిల్ చిక్కదనం 13.5 నుంచి 18.5 సెంటీస్టోక్స్, 140ది 24 పైనే. పినియన్ (క్రౌన్ చక్రాన్ని తిప్పే చిన్న గేరు) బేరింగులకు ఆయిల్ క్రౌన్ చక్రం ఎగజల్లితేనే అందుతది. పొద్దుగాల చల్లగున్నప్పుడు చిక్కటిది ఆడిదాక పోవుడు ఆలస్యం.
ముందు మూలుగుతున్నదేందో చూడాలె. యాక్సిలరేటర్ తొక్కినప్పుడు ఒక తీరు, వదిలితే ఇంకో తీరు అయితే క్రౌన్ పినియన్ పళ్లు. తొక్కినా వదిలినా ఒకటే గురగుర అయితే బేరింగు. బండి కదిలేటప్పుడు టక్కుమంటే ప్రొపెల్లర్ షాఫ్ట్ (గేర్‌బాక్సు నుంచి వెనక ఇరుసుకు పోయే రాడ్డు) కీలు, అదే క్రాస్ చూడు. ఒక్కోసారి సీల్ కారి ఆయిల్ తగ్గినా మూలుగుతది, అదైతే చవకల పోతది.

పాలమూరు_పానా: గంతకే హౌసింగ్ విప్పి షిమ్ములు (పళ్ల నడుమ సందు సరిచేసే సన్న రేకులు) మార్పియ్యమంటవా? కలిసి అరిగిన జోడీని కదిలిస్తే చప్పుడు ఇంకింత పెరుగుతది.

మిర్యాలగూడ_గేర్: ఆ మాట ఒప్పుకుంట. బేరింగు పోతే తప్ప విప్పొద్దు.

నకిరేకల్_జాకీ: నంబర్ కోసం కొట్లాడుతున్నరు గానీ అసలు సంగతి జీఎల్-5, అంటే ఎక్కువ ఒత్తిడి తట్టుకునే గేర్ ఆయిల్ రకం. క్రౌన్‌ల ఉండే హైపాయిడ్ తీరు పళ్లు ఒకదాని మీద ఒకటి జారుతయి, ఆ ఒత్తిడికి మామూలు పొర తెగుతది. "90 ఆయిల్" అని అడిగితే దుకాణంల ట్రాక్టర్ డబ్బా చేతిల పెట్టొచ్చు, మీద జీఎల్-5 అని చదివే పైసలియ్యి. మిగిలింది జీఎల్-4 అడిగే గేర్‌బాక్సుల పొయ్యకు, గేర్లు సాఫీగ పడనిచ్చే ఇత్తడి సింక్రో రింగులు చెడొచ్చు.

పది కిలోమీటర్లు తిప్పి, చదునైన జాగల నిలిపి, చక్రాలకు రాళ్లు పెట్టు. జీపు కిందికి జాకీ లేకుండనే దూరొచ్చు. ఒక్క వెనక భాగమే లేపితే లెవల్ తప్పుతది. మొదలు పైనున్న ఫిల్లర్ బోల్టు విప్పు, తర్వాతనే కింది డ్రైన్. కిందిది విప్పి పారబోసినంక పైది రాకపోతే బండి అక్కడికక్కడే. ఫిల్లర్ విప్పంగనే వేలు పెట్టి చూడు, కొసకు ఆయిల్ తగలకపోతే కారుతున్నట్టే. డ్రైన్ బోల్టు అయస్కాంతానికి బూడిద రంగు ముద్ద అంటితే మామూలే, పెంకులు దొరికితే పళ్లు ఇరిగినయి. ఆయిల్ మజ్జిగ లెక్క వస్తే నీళ్లు చేరినట్టు.

కొత్త వాషరేసి డ్రైన్ బిగించు. డబ్బా ఎండల పెడితే పలచబడతది. గరాటకు అరంగుళం పైపు తొడిగి పై నుంచి వదులు, ఫిల్లర్ అంచు దాటి కారంగనే ఆపు. బండిని బట్టి లీటరుంపావు నుంచి రెండున్నర దాక పడుతది.

బ్రీదర్ (ఇరుసు మీదుండే గాలి పోయే చిన్న దారి) మర్వకు. సాగర్ కాల్వ కింది మళ్లల్ల తిరిగే బండ్లకు బురదతోని మూసుకపోతది. లోపలి వేడిగాలికి దారి లేక సీల్ నుంచి ఆయిల్ తోస్తది. బ్రేక్ లైనర్ తడిసిందంటే ఆ చక్రం పట్టది.

దేవరకొండ_స్టీరింగ్: అన్నా, మా తమ్మునికి ఆల్టో ఉన్నది, దానికి గూడ ఇట్లనేనా?

నకిరేకల్_జాకీ: దానికి క్రౌన్ గేర్‌బాక్సులనే ఉంటది, ఎనక ఎతుకకు.

పాలమూరు_పానా: సరే, ముందుగాల 80డబ్ల్యూ-90 (చల్లగున్నా పారే 90 ఆయిల్) జీఎల్-5 పొయ్యి. 500 కిలోమీటర్లు తిరిగినంక ఇంకా మూలిగితే 140 మీద మల్ల కొట్లాడుదం.